నా కథానాయకుడు నీళ్ళలోకి దూకలేదు: ఒక నవల వెనుక పద్నాలుగు నెలలు

2024 సెప్టెంబరు 1, ఆదివారం తెల్లవారేసరికి విజయవాడ సింగ్ నగర్‌లోని మా వీధిలోకి బుడమేరు వాగు నీళ్ళు వచ్చాయి. మధ్యాహ్నానికి కింది వాటా మునిగిపోయింది. రెండు వాటాల వాళ్ళమూ కలిసి పదకొండు మందిమి రెండు రాత్రులు డాబా మీదే గడిపి, మంగళవారం ఉదయం ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) వారి రబ్బరు పడవలో బయటపడ్డాం. ఆ పడవలో ఉన్నది నలభై నిమిషాలు. అందులోంచి ఒక ప్రేమకథ పుట్టి, అచ్చయి, పుస్తకంగా నా చేతికి రావడానికి మాత్రం పద్నాలుగు నెలలకు పైగా పట్టింది. రొమాంటిక్ సస్పెన్స్ రాయాలని, అందులోనూ రక్షణ దళాల నేపథ్యంలో రాయాలని అనుకొనేవారికి ఏ దశలో ఏం జరుగుతుందో, ఎక్కడ ఎంతకాలం ఎదురుచూడవలసి వస్తుందో, ఎంత ఖర్చవుతుందో తెలియాలని ఈ వివరాలన్నీ రాస్తున్నాను.

మమ్మల్ని దింపుకోవడానికి వచ్చిన నారింజ రంగు యూనిఫాం అబ్బాయికి తెలుగు అంతంతమాత్రంగా వచ్చు. మా అత్తగారి లైఫ్ జాకెట్ పట్టీలు బిగిస్తున్నప్పుడు అతని చేతివేళ్ళు చూశాను. రోజుల తరబడి నీళ్ళలో నాని, తెల్లగా ముడతలు పడి, గోళ్ళ చుట్టూ చర్మం ఊడివస్తున్నది. సగం దారిలో పడవ ఇంజను ఆగిపోయింది. కింద తిరిగే రెక్కలకు ఎవరిదో చీర చుట్టుకొంది. మరో జవాను వంగి చాకుతో ఆ చీరను ముక్కలు ముక్కలుగా కోసి తీస్తూ ఉండగా, ఈ అబ్బాయి ఛాతీ దగ్గర ఫోన్ మోగింది. పాల ప్యాకెట్ కవరులో చుట్టి, రబ్బరు బ్యాండు వేసిన ఫోన్. తీసి చూశాడు. ఎత్తలేదు. మోగినంతసేపూ దాన్ని అలాగే చేతిలో పట్టుకొని, ఆగిపోయాక మళ్ళీ లోపల పెట్టుకొన్నాడు. అవతల ఉన్నది ఎవరో, అతను ఎందుకు ఎత్తలేదో అన్న ప్రశ్న నాతో పాటు పడవ దిగింది.

ఇంట్లో బురద ఎత్తిపోయడం, పిల్లల పుస్తకాలు ఎండబెట్టడం, తడిసిన ఫ్రిజ్‌ను పాత సామాను వాడికి ఇచ్చేయడం, ఇవన్నీ తేలేసరికి దీపావళి దాటింది. నవంబరు రెండో వారంలో రాయడం మొదలుపెట్టాను. గన్నవరం వైపు ఒక పాఠశాలలో పదిహేడేళ్ళుగా తెలుగు చెబుతున్నాను కాబట్టి నాకు దొరికే సమయం తెల్లవారుజామున నాలుగు నుంచి ఐదున్నర వరకే. కథ త్వరగానే కుదిరింది. వరదలో చిక్కుకొన్న ఒక చిన్న ఊరు, అక్కడి ఆసుపత్రిలో ఒక నర్సు, నీళ్ళలో కొట్టుకొచ్చిన ఒక శవం. ఆ మనిషి నీళ్ళలో మునిగి చనిపోలేదని, అంతకు ముందే ఎవరో చంపారని ఆమె గుర్తిస్తుంది. చంపినవాడు సహాయక చర్యల్లో తిరుగుతున్న స్వచ్ఛంద కార్యకర్తల్లోనే ఉన్నాడు. ఆమెను కాపాడవలసినవాడు రక్షణ దళంలోని కథానాయకుడు. అతనికి ఆర్యన్ అని పేరు పెట్టి, ఇరవై ఎనిమిదేళ్ళకే కమాండర్‌ను చేశాను. 2025 జనవరి నెలాఖరుకు ముప్పై ఎనిమిది అధ్యాయాలు, నాలుగు వందల పది చేతిరాత పేజీలు పూర్తయ్యాయి. ఆ రాత్రి నాకు కలిగిన సంతోషం ఇంత అంత కాదు.

జిరాక్సు తీయించి ఫిబ్రవరి మొదటి వారంలో ఒక ప్రచురణ సంస్థకు స్పీడ్ పోస్టులో పంపాను. ఆ సంగతి ఇక్కడే ముగిస్తాను. ఏడు నెలల్లో మూడుసార్లు ఫోన్ చేశాను, మూడోసారి ఎత్తినాయన "ప్రేమ నవలలు ఇప్పుడు ఎవరు కొంటున్నారమ్మా" అన్నారు, ప్రతి తిరిగి రాలేదు. పంపేటప్పుడు ఒక ప్రతి మన దగ్గర ఉంచుకోవడం ఎంత అవసరమో అప్పుడు తెలిసింది.

అదే ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంట దగ్గర ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. నా నవలలో అప్పటికే ఒక సొరంగం అధ్యాయం ఉంది. ఆర్యన్ ఒంటరిగా, చేతులతో మట్టి తవ్వుకుంటూ లోపలికి వెళ్ళి ఒక కూలీని భుజాన వేసుకొని వచ్చేస్తాడు. టీవీలో సైన్యం, నౌకాదళం, ఎన్డీఆర్ఎఫ్, ఇరుకు కన్నాల్లో చేత్తో తవ్వే ర్యాట్ హోల్ మైనర్లు అందరూ కలిసినా బురద, ఊట నీరు ముందుకు సాగనివ్వకపోవడం రోజూ చూస్తున్నాం. తొలి మృతదేహం మార్చి 9న గాని దొరకలేదు. ఆ రోజు నా అధ్యాయం మళ్ళీ చదువుకొని, పద్నాలుగు పేజీలనూ చింపేశాను. ఎనిమిది కుటుంబాలు సొరంగం వైపు చూస్తూ కూర్చున్న సమయంలో ఆ రాత నా బల్ల మీద ఉండటం నాకే సహించలేదు. నిజం తెలుసుకోకుండా ఇక ఒక్క వాక్యం కూడా రాయకూడదనుకొన్నాను.

నాతో పనిచేసే లెక్కల మాస్టారి ద్వారా పరిచయమైన ఒక విశ్రాంత అధికారి, కేంద్ర బలగం నుంచి డిప్యుటేషన్ మీద ఎన్డీఆర్ఎఫ్‌లో కొన్నేళ్ళు పనిచేసినవారు, ఏప్రిల్‌లో నా రాతప్రతి చదవడానికి ఒప్పుకొన్నారు. తొమ్మిది రోజుల తరువాత రమ్మన్నారు. పేజీల అంచుల మీద పెన్సిలు గుర్తులు లెక్కపెడితే అరవై ఒకటి ఉన్నాయి. మొదటిది నాలుగో పేజీలోనే. కథానాయకుడు వరద ఉధృతిలోకి దూకే సన్నివేశం పక్కన "వెనక్కి పంపేస్తారు" అని ఉంది.

"ఏమిటి సార్ ఇది?" అన్నాను.

"ఇలా దూకినవాణ్ణి టీమ్‌లో ఉంచరమ్మా. ఇప్పుడు కాపాడవలసినవాళ్ళు ఒకరు కాదు, ఇద్దరయ్యారు కదా!" అన్నారు.

ఆయన ఆ పూట నాకు చెప్పిన పాఠం ఇది. నీళ్ళలో ఉన్న మనిషి కోసం ముందు గట్టు మీద నుంచే చేయో కర్రో అందించాలి. అందకపోతే తాడు విసరాలి. అదీ కాకపోతే పడవ వేసుకొని వెళ్ళాలి. ఈదుకుంటూ వెళ్ళడం వీటన్నిటి తరువాత, వేరే దారి లేనప్పుడే. వెళ్ళినా ఎదురుగా వెళ్ళరు, వెనుక నుంచి వెళతారు, ఎందుకంటే మునుగుతున్న మనిషి ప్రాణభయంతో కాపాడవచ్చినవాడి మీదికే ఎక్కుతాడు. నా కథానాయకుడు తాడును నడుముకు ముడివేసుకొని దిగాడు. ఉరవడిలో ఆ తాడు బిగుసుకొని, కట్టుకొన్నవాణ్ణే నీటి కిందికి లాగేస్తుందట. అతని హోదా కూడా కుదరదన్నారు. టీమ్ అంటే 45 మంది. అందులో ఇంజనీరు ఉంటాడు, ఎలక్ట్రీషియన్ ఉంటాడు, వైద్య సిబ్బంది, జాగిలాలు ఉంటాయి. "కమాండర్ అందరినీ చూసుకోవాలి. తాడు పట్టుకొనేది కానిస్టేబులు, హెడ్ కానిస్టేబులు" అన్నారు. నేను చాలా మురిసిపోయి రాసుకొన్న సన్నివేశం ఒకటుంది. కూలిన ఆసుపత్రి గోడ కింద ఆరు గంటలు చిక్కుకొన్న కథానాయిక కాలి మీది దూలాన్ని అతను ఒక్క ఊపున ఎత్తి, ఆమెను చేతుల మీద బయటికి తెస్తాడు. దాని పక్కన ఆయన రాసింది "ఈ అమ్మాయి చనిపోతుంది" అని. గంటల తరబడి నలిగిన కాలి మీద బరువు ఒక్కసారిగా తీసేస్తే, నలిగిన కండరాల్లో పేరుకొన్న విషపదార్థాలు రక్తంలో కలిసి గుండె ఆగిపోయే ప్రమాదం ఉందని, అందుకే బరువు తీయడానికి ముందే సెలైన్ ఎక్కిస్తారని చెప్పారు.

ఇంటికి వచ్చి రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను. ఏడ్చానని చెప్పడానికి సిగ్గుపడను. అన్ని తెల్లవారుజాములూ వృథా అయ్యాయనిపించింది. మూడో రోజు బడి నుంచి వస్తుండగా బస్సులో ఆ దూలం సన్నివేశం మళ్ళీ గుర్తుకొచ్చి, ఒళ్ళు జలదరించింది. అతను ఆమె పక్కనే ఉన్నాడు. దూలం ఎత్తే బలం ఉంది. ఎత్తకూడదు. సెలైన్ ఎక్కేదాకా ఆమె బాధను చూస్తూ కూర్చోవాలి. హంతకుడు అదే భవనంలో ఎక్కడో ఉన్నాడు. ఇంతకన్నా సస్పెన్స్ నేను కల్పించగలనా? అధికారి గారు కొట్టివేసిన ప్రతిచోటా నియమమే కథను బిగిస్తుందని అర్థమయ్యాక, ఆర్యన్ పేరు నాగరాజుగా మారింది, కమాండర్ హెడ్ కానిస్టేబులయ్యాడు, నవల మళ్ళీ మొదటి నుంచి మొదలైంది.

నవలకు ప్రాణమైన సన్నివేశం కూడా ఆయన మాటలోంచే వచ్చింది. శిథిలాల దగ్గర మాటలు వినబడవు కాబట్టి ఈల మీదనే పని నడుస్తుంది. పొడవుగా ఒక్క ఈల అంటే అన్నీ ఆపి నిశ్శబ్దంగా ఉండాలి. పొట్టి ఈలలు మూడు అంటే అందరూ బయటికి రావాలి. ఒక పొడవు, ఒక పొట్టి అంటే మళ్ళీ పని మొదలు. ఆ పొడవు ఈల పడగానే డ్రిల్లింగ్ మిషన్లు, జనరేటర్లు, మాటలు అన్నీ ఆగిపోతాయట. లోపల ఎవరైనా తడుతున్నారేమో, మూలుగుతున్నారేమో అని అందరూ ఊపిరి బిగబట్టి వింటారట. నా కథానాయిక గోడను గిన్నెతో తడుతుంది. నాగరాజు వింటాడు. వాళ్ళిద్దరి ప్రేమ ఆ నిశ్శబ్దంలోనే మొదలవుతుంది, అప్పటికి ఒకరి మొహం ఒకరు చూడనైనా లేదు.

తిరగరాస్తున్న కాలంలోనే, ప్రచురణ సంస్థ నుంచి ఉలుకూ పలుకూ లేకపోవడంతో, ఏప్రిల్ ఆఖరు నుంచి కథలు చదివే ఒక యాప్‌లో వారానికి రెండు భాగాలు పెట్టాను. దీని వల్ల లాభమూ ఉంది, నష్టమూ ఉంది. మొదటి భాగాన్ని దాదాపు రెండు వేల మంది చదివితే ఇరవయ్యో భాగానికి మూడు వందల మంది మిగిలారు. "ఇంకా కలవలేదేంటి ఇద్దరూ?" అన్న వ్యాఖ్య ప్రతి భాగం కిందా ఉండేది. వాళ్ళ ఒత్తిడికి లొంగి పదకొండో భాగంలో ఒక వాన సన్నివేశం ఇరికించాను, తరువాత పుస్తకంలో తీసేశాను. ఐదు నెలల్లో నాకు వచ్చింది ₹1,140. కాని హుద్‌హుద్ రోజుల్లో విశాఖలో చంటిబిడ్డతో చిక్కుకొన్న ఒకావిడ తన అనుభవమంతా రాసి పంపారు. ఆ ఉత్తరం డబ్బుతో తూగేది కాదు.

జులైలో మా పాఠశాలకు ఎన్డీఆర్ఎఫ్ వారే అవగాహన కార్యక్రమానికి వచ్చారు. పదో బెటాలియన్ కొండపావులూరులో ఉంది కాబట్టి మాకు దూరం కాదు. ఖాళీ నీళ్ళ సీసాలను తాడుతో అల్లి నడుముకు, ఛాతీకి కట్టుకొని తేలడం, గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం, స్ట్రెచర్ లేకపోతే దుప్పటి, రెండు కర్రలతో తయారు చేయడం చూపించారు. పిల్లల కంటే ఎక్కువగా నేనే రాసుకొన్నాను. ఆ రోజే మా ఆరో తరగతి విద్యార్థి ఒకడు "మా నాన్న కూడా వీళ్ళలోనే మేడం" అని గర్వంగా చెప్పాడు. మరుసటి వారం తల్లిదండ్రుల సమావేశానికి వాడి అమ్మ వచ్చింది. శ్రీకాకుళం అమ్మాయి, ముప్పై దాటి ఉండవు. నవల సంగతి చెప్పి, ఆయన బయలుదేరేటప్పుడు మీరిద్దరూ ఏం మాట్లాడుకుంటారని అడిగాను.

"ఏం మాటలు టీచర్ గారూ! ఛార్జర్ పెట్టుకున్నారా అని అడుగుతాను. పెట్టుకున్నానంటారు. అంతే."

"భయం వేయదా?"

ఆమె కొంచెంసేపు ఆలోచించి, "ఫోన్ చేస్తానండి. ఆయన ఎత్తరు, ఎత్తద్దని నేనే చెప్పాను. మోగితే చాలు. మోగిందంటే ఫోన్ నీళ్ళలో లేదన్న మాట" అంది.

పాల ప్యాకెట్ కవరులోని ఆ ఫోన్, మోగినంతసేపూ దాన్ని చేతిలో పట్టుకొన్న ఆ అబ్బాయి కళ్ళ ముందు కదిలారు. పది నెలలుగా నేను వెతుకుతున్న జవాబు ఇదే కావచ్చు. సినిమా మాటలతో నిండిన నా ప్రేమ సన్నివేశాలన్నీ ఆ సాయంత్రమే వెలవెలబోయాయి.

ఆగస్టు 18న తిరగరాత పూర్తయింది. సొంతంగా అచ్చు వేయించుకోవాలని నిర్ణయించుకొన్నాను. ఇక్కడి నుంచి అంతా కాగితాల పని. కాపీరైట్‌కు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే సాహిత్య రచనకు రుసుము ₹500. దరఖాస్తుకు డైరీ నంబరు వెంటనే వస్తుంది, కాని అభ్యంతరాల కోసం నెల రోజులు తప్పనిసరిగా ఆగాలి. ఆ తరువాత పరిశీలన. నా ధ్రువపత్రం ఇంకా రాలేదు, దాని కోసం అచ్చు ఆపుకోనక్కరలేదు. పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య ఐఎస్‌బీఎన్ ఉచితం. సొంత ప్రచురణకర్తలకు కూడా ఇస్తారు. నాకు మూడు వారాలకు వచ్చింది.

నేను ఊహించని ఇబ్బంది డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని) దగ్గర ఎదురైంది. నేను ఫోన్‌లో, ఫోన్లూ వెబ్‌సైట్లూ వాడే యూనికోడ్ అక్షరాల్లో టైపు చేసుకొన్నాను. మన దగ్గర పుస్తకాల పని ఇప్పటికీ ఎక్కువగా "అను" అనే పాత పద్ధతి ఫాంట్లలో, పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో జరుగుతుంది. ఒకదాని నుంచి మరొకదానికి మార్చినప్పుడు పొల్లు హల్లు తరువాత వచ్చే అక్షరం వత్తుగా అతుక్కుపోతుంది. "సెలైన్‌తో" అన్నచోట నకారం కింద తకారం వేలాడింది. "ఆఫీసర్‌కు" అన్నది ఆఫీసర్కు అయింది. 288 పేజీల్లో ఇటువంటివి వెయ్యికి పైగానే ఉంటాయి. ప్రూఫు మూడుసార్లు చూడవలసి వచ్చింది, దసరా సెలవులన్నీ దానికే సరిపోయాయి. ముందే అడిగి, ఏ ఫాంటులో పనిచేస్తారో తెలుసుకొని, మొదటి పది పేజీలు మార్చి చూపించమనడం మంచిది.

ఖర్చు దాచకుండా చెబుతాను. డీటీపీకి పేజీకి ₹25 చొప్పున ₹7,200, ప్రూఫులు దిద్దినవారికి ₹3,500, ముఖచిత్రానికి ₹5,000, డెమీ సైజులో పద్దెనిమిది ఫారాలు (ఫారం అంటే పదహారు పేజీలు), 300 ప్రతుల అచ్చుకు, బైండింగుకు ₹33,000, కాపీరైట్ రుసుము ₹500. మొత్తం ₹49,200. పాడుకొన్న చీటీ డబ్బు ఇందులోకి వెళ్ళింది. వెల ₹250 పెట్టాను. పంపిణీదారుకు నలభై శాతం పోతే నాకు మిగిలేది ప్రతికి ₹150. అంటే మొత్తం ప్రతులు ఆ దారిన అమ్ముడుపోయినా ₹4,200 చేతి నుంచి పడుతుంది. నేరుగా పాఠకులకు పంపుకొంటేనే గిట్టుబాటు. చట్టం ప్రకారం జాతీయ గ్రంథాలయానికి, మరి మూడు గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి పంపాలని కూడా ముందే లెక్కలో వేసుకోవాలి.

ఆఖరి ప్రూఫు నా దగ్గర ఉండగానే మొంథా తుపాను వచ్చింది. అక్టోబరు 28 రాత్రి అది నరసాపురం దగ్గర తీరం దాటింది. మా ఆరో తరగతి విద్యార్థి నాన్న టీమ్ అంతకు ముందే తీరానికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి మా ఇంటి కిటికీలు దడదడలాడుతుంటే, చేతిలో ప్రూఫు పెట్టుకొని కూడా చదవలేకపోయాను. నేను కల్పించిన నాగరాజు కోసం కాదు నా భయం. వాడి అమ్మకు ఫోన్ చేద్దామని రెండుసార్లు తీసి, ఆమె లైన్ ఖాళీగా ఉండాలి కదా అని మళ్ళీ పెట్టేశాను.

నవంబరు 1న వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఆయన ఇంకా రాలేదు, కాని క్షేమంగా ఉన్నారు. వంటింటి తలుపు పక్కన గోడకు పెద్ద అంకెల తెలుగు క్యాలెండరు వేలాడుతోంది. అక్టోబరు 28 గడిలో, తిథి నక్షత్రాల పక్కన మిగిలిన ఖాళీలో పెన్సిలుతో సన్నగా రాసి ఉంది: 6.10 మోగింది. 9.40 మోగింది. దాని కింద ఇంకో సమయం, ఎదురుగా "లేదు". 29వ గడిలో పొద్దున 7.05, మళ్ళీ "మోగింది". ఆ "లేదు"కు, ఆ 7.05కు మధ్య ఉన్న గీత మీద కాగితం నలిగి, పెన్సిలు మొన దిగి చిన్న చిల్లు పడింది. ఆ రాత్రి ఎలా గడిచిందని అడగడానికి నాకు నోరు రాలేదు. టీ ఇస్తూ ఆమె కూడా దాని గురించి ఏమీ చెప్పలేదు. లేచేటప్పుడు మాత్రం, ఈ రాతను నా నవలలో పెట్టుకోవచ్చా అని అడిగాను. "మా పేర్లు రాయకండి టీచర్ గారూ" అంది.

నవల చివర నాగరాజు కథానాయికతో ఒకటిన్నర పేజీ మాట్లాడతాడు. మూడుసార్లు చెక్కి చెక్కి రాసిన మాటలవి. డీటీపీ అబ్బాయి పక్కనే కూర్చొని అవన్నీ తీయించి, ఆ చోట క్యాలెండరు మీది ఈ నాలుగు వరుసలు పెట్టించాను. పుస్తకం అక్కడే ముగుస్తుంది. ఫారాల లెక్క మారలేదు, అదనంగా డబ్బేమీ అడగలేదు.

నవంబరు 21న ప్రెస్సు నుంచి ఆరు అట్టపెట్టెలు ఆటోలో ఇంటికి వచ్చాయి. అధికారి గారికి ఒక ప్రతి పంపాను. అందినట్టు ఫోన్ చేసి, ఈసారి పెన్సిలు తీయలేదని చెప్పారు. మరో ప్రతి మా విద్యార్థి అమ్మకు ఇవ్వడానికి ఆదివారం కొండపావులూరు వెళ్ళాను. ఆమె ముందు పేజీలేవీ తిప్పకుండా నేరుగా చివరి పేజీకి వెళ్ళి, నాలుగు వరుసలూ వేలు పెట్టి చదువుకొంది. మూడో వరుస దగ్గర వేలు ఆగింది. క్యాలెండరు మీది మసక రాతను నేను 12.25 అని చదివాను.

"పన్నెండు ముప్పై ఐదు టీచర్ గారూ" అని, కొడుకు పెట్టెలోంచి పెన్సిలు తెచ్చి, రెండును కొట్టేసి పైన మూడు వేసింది.